బండిలో కెమెరా – బాటలో పిల్లవాడు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. 31 సంవత్సరాలుగా స్టీరింగు పట్టుకుని సంసారం నెట్టుకొస్తున్న డ్రైవరును. కార్యదర్శిగారు నన్ను పిలిచి, "భాయ్, మన కుర్రవాళ్లు చాలామంది డ్రైవింగులో ఉన్నారు. వాళ్లకు పనికొచ్చే మాట ఏదైనా చెప్పండి" అన్నారు. ఆయన చెప్పింది నిజమే. మన సంఘంలో ఆటోలు నడిపేవారున్నారు, లారీల మీద పోయేవారున్నారు, స్కూలు వ్యాన్లు తోలేవారున్నారు. గల్ఫు దేశాల్లో బండ్లు నడిపి ఇంటికి డబ్బు పంపే బిడ్డలున్నారు. ఈ మధ్య వీళ్లలో చాలామంది నన్ను ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. "చాచా, బండిలో కెమెరా పెట్టించుకుంటే మనకు రక్షణ ఉంటుందా? చిన్నపిల్లలు ఉన్నట్టుండి అడ్డం వస్తారు. తగిలినా తగలకపోయినా జనం మన మీదే పడతారు. వీడియో ఉంటే బయటపడతాం కదా?"

ఈ ప్రశ్నకు నా అనుభవం మీద, నేను తెలుసుకున్నంత మేరకు జవాబు చెప్పాలని వచ్చాను. ముందే ఒక్క మాటలో చెప్పేస్తాను. కెమెరా మనల్ని అబద్ధం నుంచి కాపాడుతుంది. నిజం నుంచి కాపాడదు. ఇది ఎట్లాగో వివరిస్తాను, కొంచెం ఓపికగా వినాలని మనవి.

డాష్ కెమెరా అంటే తెలియని పెద్దలకు రెండు మాటలు. ముందు అద్దానికి అంటించే చిన్న పెట్టె ఇది. బండి స్టార్టు చేయగానే ఎదుట కనిపించేదంతా తీస్తూ పోతుంది. చాలా వాటిలో మాటలు కూడా రికార్డవుతాయి. జి.పి.ఎస్. ఉన్నదైతే బొమ్మ కింద తేదీ, గంట, బండి వేగం కూడా పడతాయి. 2013 ఫిబ్రవరిలో రష్యాలో చెల్యాబిన్స్క్ అనే ఊరి మీద ఆకాశం నుంచి ఉల్క పడినప్పుడు లోకమంతా చూసిన వీడియోల్లో చాలావరకు అక్కడి కార్ల కెమెరాలు తీసినవే. అక్కడ యాక్సిడెంటు తగాదాల్లో సాక్ష్యం కోసం జనం ముందునుంచే పెట్టుకుని ఉన్నారు గనుక అది దొరికింది. ఇప్పుడు మన దగ్గరా కొన్ని వేల రూపాయలకే వస్తున్నాయి.

ఇక నా సంగతి. 2022 డిసెంబరులో గుంటూరు నుంచి నరసరావుపేట వైపు కిరాయికి పోతున్నాను. బండిలో ఒక పెద్దాయన, ఆయన భార్య ఉన్నారు. దారిలో ఒక ఊరి బడి దగ్గర బస్సు ఆగి ఉంది. నేను దాని పక్కనుంచి పోతున్నాను. బస్సు ముందునుంచి ఒక పిల్లవాడు, ఏడెనిమిదేళ్లుంటాయి, బాణంలాగా దూసుకొచ్చాడు. బ్రేకు మీద నిలబడ్డాను. టైర్లు అరిచాయి. వాడు భయపడి వెనక్కి ఒక అడుగు వేసి, కూలబడ్డాడు. బండి వాడికి తగల్లేదు. బంపరుకూ వాడికీ మధ్య జానెడు దూరం ఉందో లేదో.

క్షణంలో జనం మూగారు. ఒకతను తాళంచెవి లాక్కున్నాడు. ఇంకొకడు నా చొక్కా పట్టుకున్నాడు. "గుద్దేశాడు, పిల్లోణ్ణి గుద్దేశాడు" అని కేకలు. నేను వణుకుతూనే, "గుద్దలేదు, కెమెరా ఉంది, చూడండి" అన్నాను. ఫోనులోకి వీడియో తెచ్చి చూపించాను. ఆ ఊరి పెద్దమనిషి ఒకాయన రెండుసార్లు చూసి, "తగల్లేదురా. పిల్లోడే అడ్డం పడ్డాడు. వదిలెయ్యండి" అన్నాడు. తాళంచెవి చేతికొచ్చింది. చొక్కా పట్టుకున్నవాడే మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఆరోజు కెమెరా లేకపోతే నా గతి ఏమయ్యేదో. ఇది దాని మేలు. నేను కాదనను.

ఆ సంబరంలో వీడియో పదిమంది డ్రైవరు మిత్రులకు పంపాను. రాత్రి ఇంట్లో కూడా చూపించాను. మా అమ్మాయి బడిపంతులమ్మ. ఆమె చూసి, "అబ్బా, మళ్లీ మొదటినుంచి పెట్టండి" అంది. పెట్టాను. "ఆ ఎడమ పక్క పసుపు బోర్డు ఏమిటి?" అంది. బడి బోర్డు. నేను దాన్ని చూసిన గుర్తే లేదు. "కింద 48 అని ఉంది, అదేమిటి?" అంది. బండి వేగం. "ఈ పిల్లవాడికంటే ముందు ఇంకో ఇద్దరు పిల్లలు దాటారు కదా, మీకు కనపడలేదా?" అంది. నిజంగానే, వాడు రావడానికి రెండు మూడు సెకన్ల ముందు ఇద్దరు ఆడపిల్లలు అదే బస్సు ముందునుంచి పరుగెత్తి దాటారు. ఇద్దరు దాటిన చోట మూడోవాడు వస్తాడని కొత్తగా లైసెన్సు తీసుకున్నవాడికి కూడా తెలియాలి. అప్పుడు నేనేం చేస్తున్నాను? అదీ వినిపించింది. వెనుక సీటు పెద్దాయనతో పాత రోజుల్లో డీజిలు ధర గురించి మాట్లాడుతున్నాను. ఆడపిల్లలు దాటుతున్నా నా మాట ఆగలేదు, వేగం తగ్గలేదు.

ఊరివాళ్లు చూసిందీ ఈ వీడియోనే. అయితే వాళ్లు తగిలిందా లేదా అని చూశారు. మా అమ్మాయి నేనెట్లా నడిపానో చూసింది. కోర్టు చూస్తే మా అమ్మాయి చూసినట్లే చూస్తుంది, ఊరివాళ్లు చూసినట్లు కాదు. ఈ సంగతి మన కుర్రవాళ్లు బాగా గుర్తుపెట్టుకోవాలి.

చట్టం ఏమంటుందో క్లుప్తంగా చెబుతాను. "ఎవరికీ దెబ్బ తగల్లేదు గనుక కేసే లేదు" అని మనం అనుకుంటాం. అది పొరపాటు. 2024 జూలై 1 నుంచి ఇండియన్ పీనల్ కోడ్ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. దానిలో 281వ సెక్షన్ ప్రకారం, రోడ్డు మీద మనిషి ప్రాణానికి అపాయం కలిగేటట్లు దురుసుగానో నిర్లక్ష్యంగానో బండి నడిపితే అదే నేరం. దెబ్బ తగలాలన్న నియమం లేదు. ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మరణం జరిగితే 106వ సెక్షన్. పాత చట్టంలో ఇటువంటి నేరానికి గరిష్ఠ శిక్ష రెండేళ్లు; ఇప్పుడు అయిదేళ్లు. అంటే మన కెమెరాలోని వీడియో మనకు సాక్షి అయినట్లే, మన మీద కూడా సాక్షి కాగలదు. కేసు విచారణలో ఆ కార్డు ఇమ్మని పోలీసులు అడగవచ్చు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈ పెట్టె పట్టేస్తుంది.

రెండోది, "పిల్లవాడే అడ్డం పడ్డాడు" అన్న మాట ఎంతవరకు చెల్లుతుంది? పెద్దవాడు అడ్డం పడితే అతని తప్పు కూడా లెక్కలోకి వస్తుంది. పిల్లవాడి దగ్గర ఆ లెక్క మారిపోతుంది. ఏడేళ్ల లోపు బిడ్డ ఏం చేసినా నేరం కాదని మన చట్టమే చెబుతోంది. పన్నెండేళ్ల లోపు బిడ్డకు తెలివి పాకానికి రాకపోతే, ఆ బిడ్డనూ మినహాయించింది. నష్టపరిహారం కేసుల్లో కూడా పసిపిల్లల మీద పెద్దలతో సమానంగా తప్పు మోపడానికి న్యాయస్థానాలు సాధారణంగా ఒప్పుకోవు.

ఇంగ్లండులో 1966లో తీర్పు వచ్చిన ఒక కేసు ఉంది, గాఫ్ వర్సెస్ థోర్న్ అని. లండనులో ఒక లారీ డ్రైవరు తన లారీ ఆపి, పిల్లల్ని దాటమని చేయి ఊపాడు. పదమూడున్నరేళ్ల అమ్మాయి లారీ దాటి అడుగు వేసింది. పక్కనుంచి వేగంగా దూసుకొచ్చిన చిన్న కారు ఆమెను కొట్టింది. అవతల తొంగిచూడకపోవడం ఆమె తప్పేనని, మూడోవంతు బాధ్యత ఆమెదేనని కింది జడ్జి అన్నాడు. పై కోర్టులో లార్డ్ డెన్నింగ్, ఆయన తోటి న్యాయమూర్తులు ఆ మాట కొట్టేశారు. ఆ వయసు పిల్ల లారీ డ్రైవరు చేయి ఊపితే నమ్మి నడుస్తుంది, అంతకుమించి ఆమెనుంచి ఆశించరాదన్నారు. ఆగిన లారీ, పక్కనుంచి పోయిన కారు. నా సంగతిలో ఆగిన బస్సు, పక్కనుంచి పోయిన నేను. తేడా ఎంత? ఆ బిడ్డకు తగిలింది, ఈ బిడ్డకు తగల్లేదు. అంతే.

ఫ్రాన్సులో 1985లో చేసిన చట్టం ప్రకారం, పదహారేళ్ల లోపు పాదచారికి బండి వల్ల దెబ్బ తగిలితే, పరిహారం ఎగ్గొట్టడానికి ఆ బిడ్డ తప్పును చూపే వీలు దాదాపు లేదు. జర్మనీలో 2002 నుంచి పదేళ్ల లోపు పిల్లలకు మోటారు బండ్ల ప్రమాదాల్లో బాధ్యత లేదు, కావాలని చేస్తే తప్ప. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద పరిహారం అడిగితే, డ్రైవరు తప్పు రుజువు చేయవలసిన పనే లేదు. మరణానికి 5 లక్షలు, తీవ్రమైన గాయానికి రెండున్నర లక్షలు. అక్కడ మీ వీడియో ఎంత స్పష్టంగా ఉన్నా దానితో పని లేదు.

చట్టాలు పిల్లల పట్ల ఇట్లా ఎందుకున్నాయి? ముద్దు చేసి కాదు. పిల్లవాడి కన్ను, బుద్ధి వేరు గనుక. స్వీడను దేశపు మనస్తత్వవేత్త స్టీనా సాండెల్స్ 1960లలో పిల్లల్ని రోడ్డు మీద పరిశీలించి, చిన్నపిల్లలు ఎంత నేర్పినా పెద్దల ట్రాఫిక్కుకు సరిపోయేటట్లు నడుచుకోలేరని, రోడ్డే వాళ్లకు తగినట్లు మారాలని చెప్పింది. 2011లో లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయల్ హాలోవే కళాశాలవారు ఇంకో సంగతి కనిపెట్టారు. ఎదురుగా వచ్చే బండి వేగాన్ని పెద్దవాళ్లు గంటకు 80 కిలోమీటర్ల దాకా బాగానే అంచనా కట్టగలిగారు. ప్రాథమిక పాఠశాల పిల్లలు 32 కిలోమీటర్లు దాటితే సరిగా అంచనా కట్టలేకపోయారు. అంటే మనం 48లో వస్తుంటే, ఆ బిడ్డ మనల్ని చూసినా చూడనట్లే. "చూసి కూడా అడ్డం వచ్చాడు" అని తిట్టే ముందు ఈ మాట తలచుకోండి.

ఇప్పుడు చిన్న లెక్క. గంటకు 50 కిలోమీటర్లంటే సెకనుకు సుమారు 14 మీటర్లు. పిల్లవాణ్ణి చూసి కాలు బ్రేకు మీద పడేసరికి ఒక సెకను. ఆ సెకనులో 14 మీటర్లు పోయాం. బ్రేకు పట్టి పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 14. మొత్తం 28 మీటర్లు. అదే 30 కిలోమీటర్ల వేగంలో అయితే మొదటి సెకనుకు 8 మీటర్లు, ఆగడానికి 5 మీటర్లు, మొత్తం 13. పిల్లవాడు 14 మీటర్ల దూరంలో అడ్డం వచ్చాడనుకోండి. 30లో ఉన్నవాడు వాడిముందు ఆగిపోతాడు. 50లో ఉన్నవాడికి అప్పటికి బ్రేకు పట్టనే లేదు, అదే వేగంతో కొడతాడు. కెమెరా ఇద్దరి బండ్లలోనూ ఉండవచ్చు. ఒక పిల్లవాడు బతుకుతాడు, ఇంకొక పిల్లవాడు బతకడు.

అయితే కెమెరా వద్దని నేనంటున్నానా? కాదు. పెట్టుకోండి. కానీ తెలిసి వాడండి. అందుకు నాలుగైదు జాగ్రత్తలు.

మొదటిది, ఆ పెట్టె అద్దం మీద మీ చూపుకు అడ్డం రాకూడదు. వెనుక చూసే అద్దం చాటున పెట్టండి. దాన్నే చూస్తూ నడపకండి.

రెండోది, కార్డు నిండగానే పాతది చెరిపి కొత్తది రాస్తుంది. గట్టి కుదుపు వస్తే ఆ ముక్కను దానంతట అదే దాచుకునే ఏర్పాటు చాలా వాటిలో ఉంది. కానీ త్రుటిలో తప్పిన ప్రమాదంలో కుదుపు ఉండకపోవచ్చు. కొన్ని గంటలు పోనిస్తే వీడియో పోయినట్లే. అందుచేత బండి పక్కకు ఆపి, పిల్లవాణ్ణి చూసుకున్నాక, కార్డు తీసి భద్రపరచండి.

మూడోది, వీడియోను కత్తిరించకండి. ముందు వెనుకలు తీసేసిన ముక్కను చూస్తే అనుమానమే పుడుతుంది. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. పాత చట్టం కింద 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోట్కర్ కేసులో సుప్రీంకోర్టు కాపీలకు సర్టిఫికెట్ తప్పనిసరి అన్నది. అసలు పరికరాన్నే యజమాని స్వయంగా దాఖలు చేస్తే అక్కరలేదని కూడా అన్నది. కాబట్టి అసలు కార్డు జాగ్రత్త. మిగతాది వకీలుగారిని అడగండి.

నాలుగోది, కెమెరా కన్ను మన కన్ను కాదు. వెడల్పుగా చూసే అద్దం గనుక దగ్గరున్నది దూరంగా కనిపిస్తుంది. మనకు దొరికిన వ్యవధి తక్కువే అయినా, వీడియోలో ఎక్కువ ఉన్నట్లు కనిపించవచ్చు. అది కూడా మనకు ఎదురు తిరగవచ్చు.

అయిదోది, దయచేసి ఆ వీడియోలు వాట్సాపులో తిప్పకండి. నేను ఆ తప్పు చేశాను గనుక చెబుతున్నాను. అది ఒక తల్లి బిడ్డ. వాడు భయంతో కూలబడ్డ బొమ్మ పదిమంది చూసి నవ్వుకోవడానికి కాదు. గల్ఫులో ఉన్న మన పిల్లలకు మరీ మరీ చెప్పండి. పరాయివారి బొమ్మలు పంచడంపై అక్కడి చట్టాలు కఠినంగా ఉంటాయి, తెలుసుకోకుండా చేయవద్దని.

అన్నిటికంటే ముఖ్యం, కెమెరా ఉంది గదా అని సంఘటన జరిగిన చోటునుంచి వెళ్లిపోకండి. దెబ్బ తగిలితే మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం వైద్యం అందేటట్లు చూడటం డ్రైవరు బాధ్యత. జనం కొట్టే పరిస్థితి ఉండి అక్కడ నిలబడటం సాధ్యం కాకపోతే, దగ్గరి పోలీసు స్టేషనుకు పోయి 24 గంటల లోపల చెప్పాలి. తగలకపోయినా దిగి, బిడ్డను లేపి, ఒళ్లు తడిమి చూడండి.

మా అమ్మాయి మాటలు మనసులో తొలుస్తుంటే వారం తరువాత నేను మళ్లీ ఆ ఊరు పోయాను. పిల్లవాడి అవ్వ బడి పక్కనే జామకాయలు అమ్ముకుంటోంది. నన్ను పోల్చుకుంది. వేగం సంగతి, బోర్డు సంగతి దాచకుండా చెప్పాను. ఆమె తిట్టలేదు. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ పెట్టె నిన్ను కాపాడింది, సరే నాయనా. మా బుడ్డోణ్ణి కాపాడిందేంది?" అంది. నా దగ్గర సమాధానం లేదు. వాడు వెనక్కి వేసిన ఒక్క అడుగు కాపాడింది. ఆ అడుగు మీద నాకు ఏ అధికారమూ లేదు. నా అధికారంలో ఉన్నదల్లా నా కాలు కింద ఉన్న వేగం.

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ నివేదిక చెప్పింది. అందులో దాదాపు అయిదోవంతు పాదచారులు. తప్పిపోయిన ప్రమాదాలను మాత్రం ఎవరూ లెక్క రాయరు. అవి మన కెమెరాల్లో పుట్టి, కొన్ని గంటల్లో చెరిగిపోతున్నాయి. కావున సంఘానికి నాదొక విజ్ఞప్తి. మన సభ్యుల్లో కెమెరా ఉన్న డ్రైవర్లందరం నెలకొకసారి కూర్చుందాం. ఎవరికి ఎక్కడ పిల్లవాడు అడ్డం వచ్చాడో చోటు పేరు, గంట రాసుకుందాం. ఒకే చోట నాలుగుసార్లు జరిగితే అక్కడ స్పీడు బ్రేకరో, దాటే గీతలో, బడి వదిలే వేళ ఒక మనిషో కావాలని అర్థం. ఆ కాగితం పట్టుకుని మునిసిపాలిటీకీ, ట్రాఫిక్కు పోలీసులకూ, బడి పెద్దలకూ పోదాం. పిల్లల ముఖాలు చూపనవసరం లేదు, చోటు చూపితే చాలు. కెమెరా బిడ్డను కాపాడే దారి ఏదైనా ఉంటే ఇదే.

తల్లులకొక మాట. మీ ఇంటి డ్రైవరు ఇంటికొచ్చాక వారానికొకసారి ఆ వీడియో పెట్టించి పక్కన కూర్చుని చూడండి. మీకు డ్రైవింగు రానక్కరలేదు. బోర్డు ఏది, వేగం ఎంత, పిల్లలెక్కడ అని అడిగితే చాలు. మా ఇంట్లో ఆ అలవాటు ఇప్పటికీ ఉంది. మొదట్లో నాకు కోపం వచ్చేది. ఇప్పుడు ఆగిన బస్సు కనిపిస్తే కాలు దానంతట అదే బ్రేకు మీదికి పోతోంది, నోరు మూతపడుతోంది.

కుర్రవాళ్లు అడిగిన ప్రశ్నకు మళ్లీ వస్తాను. కెమెరా రక్షణ ఇస్తుందా? నెమ్మదిగా, కళ్లు తెరిచి నడిపినవాడికి ఇస్తుంది. అట్లా నడపనివాడికి ఇవ్వదు. ముందు నడక సరిచేసుకుని, తరువాత కెమెరా కొనుక్కోండి.

 సభ ముగిశాక బయట పిల్లలు ఆడుకుంటూ ఉంటారు. బండ్లు తీసేటప్పుడు దిగి, చుట్టూ ఒకసారి చూసి తీయవలసిందిగా కోరుతున్నాను. సెలవు.